స్కూలు ఆటల పోటీలు – బిడ్డకు తోడుగా నిలిచే తల్లిదండ్రులు

కుటుంబ ఆరోగ్య పాఠము



దసరా సెలవులు అయిపోయి, వానలు తగ్గి, ఎండ కాస్త మెత్తబడగానే మన ప్రాంతములోని స్కూళ్ళలో ఆటల సందడి మొదలవుతుంది. కొన్ని స్కూళ్ళలో నవంబరు 14 బాలల దినోత్సవమునకు, కొన్నింటిలో సంక్రాంతి ముందు, మరికొన్నింటిలో జనవరి 26కు వార్షిక క్రీడలు జరుపుతారు. పెద్ద తరగతుల వారికి పరుగు పందెములు, లాంగ్ జంప్, కబడ్డీ, ఖోఖో ఉంటాయి. చిన్న తరగతుల వారికి నిమ్మకాయ–చెంచా, గోనె సంచి పరుగు. అమ్మానాన్నలు షామియానా క్రింద కూర్చుని చప్పట్లు కొడతారు. ఈ పాఠములో ఆ రోజును గూర్చి, ఆ రోజున మన పని ఏమిటి అనుదానిని గూర్చి తెలుసుకుందాము.

ముందుగా ఒక చిన్న సంగతి చెప్పనివ్వండి. కొన్ని సంవత్సరముల క్రితం ఒక స్కూలు క్రీడల రోజున నేను ప్రథమ చికిత్స పెట్టెతో మైదానము ప్రక్కన కూర్చున్నాను. పన్నెండేళ్ళ పాప ఒకతె 200 మీటర్ల పరుగులో నాలుగవదిగా వచ్చి, కుంటుకుంటూ నా బల్ల దగ్గరకు వచ్చింది. కుడి మడమ ముట్టుకుంటే చాలు, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటోంది.

"ఎప్పటి నుంచి తల్లీ ఈ నొప్పి?" అని అడిగాను.

"దసరా సెలవులప్పటి నుంచి సిస్టర్."

"ఇంట్లో చెప్పావా?"

ఆ పాప తల అడ్డముగా ఊపింది. "నాన్న కొత్త బూట్లు కొన్నారు. ఈసారి మెడల్ తేవాలి అన్నారు" అన్నది.

అంతలో ఆ తండ్రి పరుగున వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు కూలి పని మానుకుని వచ్చాడు. బూట్లకు అప్పు చేశాడని తరువాత తెలిసింది. బిడ్డ పాదము తన ఒడిలో పెట్టుకుని, "ఇంత నొప్పి పెట్టుకుని చెప్పలేదేమమ్మా?" అని అడిగాడు. ఆ పాప అన్న మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు: "చెబితే నువ్వు బాధపడతావని నాన్నా."

మన పాఠమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. ఆటల పోటీలలో బిడ్డకు మనము ఇవ్వగల పెద్ద సహాయము బూట్లు కాదు, ప్రోటీన్ పొడి కాదు, గట్టిగా కేకలు వేయడమూ కాదు. "నొప్పిగా ఉంది", "భయముగా ఉంది", "ఓడిపోయాను" అని బిడ్డ మన దగ్గరకు వచ్చి భయము లేకుండా చెప్పగలగాలి. అది ఉంటే మిగిలిన జాగ్రత్తలన్నీ పనిచేస్తాయి. అది లేకపోతే డాక్టరు గారికి కూడా సంగతి ఆలస్యముగా తెలుస్తుంది.

1. ఆట ఎవరి కొరకు?

5 నుండి 17 ఏండ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషములు, ఊపిరి వేగముగా ఆడేంతగా శరీరమును కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. వారములో కనీసం మూడు రోజులు ఎముకలకు, కండరములకు బలమిచ్చే పరుగులు, గెంతులు వంటివి ఉండాలి. ఈ సూచన మెడల్ తెచ్చే పిల్లలకు మాత్రమే కాదు, చివర వచ్చే పిల్లలకు కూడా. ఆటల వలన ఎముకలు గట్టిపడతాయి, గుండె బలపడుతుంది, నిద్ర బాగా పడుతుంది, మనస్సు తేలికపడుతుంది.

కాబట్టి క్రీడల రోజు బాగా జరిగిందా లేదా అని కొలుచుటకు ఒక తేలిక పద్ధతి ఉన్నది. మరుసటి రోజు సాయంత్రము మన బిడ్డ మళ్ళీ ఆడుకోవడానికి వెళ్ళాలని కోరుకుంటున్నాడా? కోరుకుంటే ఆ రోజు గెలిచినట్లే. కప్పు తెచ్చి, ఆ తరువాత ఆట అంటేనే విసుగు పుడితే మనము నష్టపోయినట్లే.

2. పోటీకి ముందు వారములలో

నొప్పిని గూర్చి అడగండి. ఎదిగే వయస్సులో ఎముకల చివరల దగ్గర మెత్తని భాగములుంటాయి. ఎక్కువగా పరుగెత్తే, గెంతే పిల్లలలో ఇవి నొప్పి పెట్టవచ్చును. ఎనిమిది నుండి పద్నాలుగేండ్ల మధ్య మడమ వెనుక, కొంచెం పెద్ద పిల్లలలో మోకాలి చిప్ప క్రింద వచ్చే నొప్పి చాలావరకు ఇటువంటిదే. ఇది ప్రమాదకరమైన జబ్బు కాదు. కొన్ని వారములు పరుగు తగ్గించి, డాక్టరు చెప్పిన వ్యాయామములు చేస్తే నెమ్మదిస్తుంది. దాచిపెట్టి పరుగెత్తితే మాత్రము నెలల తరబడి బాధ పెడుతుంది. పైన చెప్పిన పాపకు వచ్చినది ఈ మడమ నొప్పే. "ఏమైనా నొప్పి ఉందా?" అని అడిగితే పిల్లలు "లేదు" అని ఊరుకుంటారు. "ఆడిన తరువాత నీకు ఎక్కడ ఎక్కువ నొప్పి పుడుతుంది?" అని అడిగి చూడండి.

ఉన్న జబ్బును దాచకండి. ఆయాసము, ఫిట్స్, గుండె జబ్బు, షుగరు ఉన్న పిల్లలను గూర్చి పి.ఇ.టి. మాస్టారికి ముందే చెప్పండి. పెళ్ళి సంబంధములకు అడ్డు వస్తుందని ఆడపిల్ల ఫిట్స్ సంగతి దాచిన తల్లులను చూశాము. ఆ బిడ్డ మైదానములో పడిపోతే దగ్గర ఉన్నవారికి ఏమి చేయాలో తెలియదు. ఆయాసము ఉన్న పిల్లలు డాక్టరు సలహాతో ఇన్‌హేలరు దగ్గర పెట్టుకుని చక్కగా ఆడవచ్చును. జబ్బు ఉన్నంత మాత్రాన ఆట మాన్పించనవసరము లేదు.

ఆడపిల్లల రక్తము పరీక్ష చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లలలో 59 శాతము మందికి రక్తహీనత ఉన్నది. కొంచెము పరుగెత్తగానే ఆయాసపడే అమ్మాయిని "బద్ధకము" అని తిట్టేముందు హిమోగ్లోబిన్ చూపించండి. నెలసరి రోజులలో ఆడవచ్చును, హాని లేదు. ఆడాలా వద్దా అన్నది ఆ బిడ్డకు ఉన్న సౌకర్యమును బట్టి ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. పెద్దమనిషి అయినదని ఆట మాన్పించడము మన ఇండ్లలో ఇంకా ఉన్నది. దానికి వైద్య కారణమేమీ లేదు.

నిద్ర, విశ్రాంతి. 6 నుండి 12 ఏండ్ల పిల్లలకు 9–12 గంటలు, 13 దాటినవారికి 8–10 గంటల నిద్ర కావాలి. వారములో కనీసము ఒక రోజు సాధనకు సెలవు ఇవ్వండి. పోటీకి ముందు వారములో తెల్లవారుజామున లేపి రెట్టింపు పరుగులు పెట్టిస్తే బలము రాదు, దెబ్బలే వస్తాయి. కొత్త బూట్లు పోటీ రోజున మొదటిసారి వేయకండి. పది రోజుల ముందు నుండి వాడనివ్వండి.

3. ఆ రోజు ఉదయము

ఖాళీ కడుపుతో పంపకండి. ఆత్రుతలో పిల్లలు "ఆకలి లేదు" అంటారు. మార్చ్ పాస్ట్ కొరకు గంటసేపు ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలలో చాలామంది ఉదయము ఏమీ తినని వారే. పోటీకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, ఉప్మా, రాగి జావ, లేక పెరుగన్నము పెట్టండి. పూరీలు, బజ్జీలు ఆ రోజుకు వద్దు. అరగంట ముందు ఒక అరటిపండు చాలును.

నీళ్ళ సీసా ఇచ్చి పంపండి. దాహము వేసేవరకు ఆగకుండా మధ్య మధ్యలో రెండు మూడు గుక్కలు త్రాగమనండి. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు మంచివి. టీవీలో చూపించే ఎనర్జీ డ్రింకులు పిల్లలకు వద్దు. పిల్లలకు తగదని ఆ డబ్బా మీదనే వ్రాసి ఉంటుంది. చిన్నవారికి టోపీ మరువకండి.

4. మైదానము దగ్గర

మన పని గీత బయటనే. ఏ ప్రక్క నుండి పరుగెత్తాలో, ఎప్పుడు దూకాలో చెప్పుటకు మాస్టారు ఉన్నారు. ఆయన ఒకటి, మనము ఒకటి అరిస్తే బిడ్డ ఎవరి మాట వినాలి? మనము పేరు పెట్టి పిలిచి, చప్పట్లు కొడితే చాలును.

ఇతర పిల్లలతో పోల్చకండి. "పక్కింటి వాడిని చూడు" అన్న మాట బిడ్డ కాళ్ళలో బలము పెంచదు. వాడితో స్నేహము మాత్రము చెడగొడుతుంది.

రెఫరీతో తగువు పెట్టుకోకండి. తీర్పులో పొరపాటు జరగవచ్చును. ఏదైనా అడగాలంటే పోటీ అయిన తరువాత, బిడ్డ ఎదుట కాకుండా, నెమ్మదిగా అడగండి. నాన్న మైదానములో అరుస్తుంటే బిడ్డ తోటివారి ముందు తల దించుకుంటాడు. ఆ సిగ్గు ఓటమికన్నా ఎక్కువ కాలము ఉంటుంది.

చివర వచ్చిన బిడ్డకు కూడా చప్పట్లు కొట్టండి. ఆ బిడ్డ మనవాడు కాకపోయినా సరే. అందరూ వెళ్ళిపోయిన తరువాత గీత దాటిన పిల్లవానికి ఎవరైనా ఒకరు చప్పట్లు కొట్టడము మన బిడ్డ చూస్తాడు. ఓడిపోతే లోకము తనను ఎలా చూస్తుందో అక్కడే నేర్చుకుంటాడు.

రాలేకపోయినవారు దిగులు పడకండి. సెలవు దొరకనివారు, రోజు కూలికి పోయేవారు, ఆసుపత్రిలో మంచము మీద ఉన్నవారు మన పాఠకులలో చాలామంది ఉన్నారు. రాకపోయినందుకు సాకులు చెప్పనక్కరలేదు. "రాలేకపోయాను. ఏమి జరిగిందో మొదటి నుండి చెప్పు" అని రాత్రి అన్నము దగ్గర అడగండి. సెల్ ఫోను ప్రక్కన పెట్టి, చివరి వరకు వినండి. మైదానములో ఉండి ఫోనులో తలదూర్చిన తండ్రికన్నా, ఇంటిలో చెవి ఒగ్గిన తల్లి బిడ్డకు దగ్గరగా ఉన్నట్లు.

5. దెబ్బ తగిలినప్పుడు

చర్మము గీచుకుపోతే: పారే నీటితో, సబ్బుతో శుభ్రముగా కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. కాఫీ పొడి, పేస్టు, మట్టి పెట్టకండి. 10వ ఏట, 16వ ఏట వేయవలసిన టీడీ టీకా వేయించారో లేదో చూసుకోండి.

బెణికితే: ఆట ఆపించండి. ఐసును గుడ్డలో చుట్టి 15–20 నిమిషములు పెట్టండి. మెత్తని కట్టు కట్టి కాలు ఎత్తుమీద ఉంచండి. మొదటి రెండు రోజులు నూనె రాసి మర్దన చేయించకండి, వేడి కాపడము పెట్టకండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేక ఎముక మీద నొక్కితే నొప్పిగా ఉంటే ఎక్స్‌రే అవసరము.

తలకు దెబ్బ తగిలితే: బాగానే ఉన్నాననినా ఆ రోజు మళ్ళీ ఆటకు పంపకండి. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, తికమక మాటలు, ఫిట్స్ – వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పన్ను ఊడితే: శాశ్వత దంతమైతే వేరు ముట్టుకోకుండా పైభాగము పట్టుకుని, పాలలో వేసి, అరగంటలోగా దంత వైద్యుని దగ్గరకు చేరండి. తిరిగి పెట్టే అవకాశము ఉంటుంది.

ఎండ దెబ్బకు: కండరములు పట్టేయడము, తలనొప్పి, వికారము కనిపిస్తే నీడకు తీసుకువెళ్ళి, ఓఆర్‌ఎస్ త్రాగించండి. ప్యాకెట్టు మీద చెప్పినంత నీటిలోనే కలపండి. ప్యాకెట్టు లేకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాను అంచుకు సమముగా కొలిచి కలపండి. ఒళ్ళు కాలిపోతూ, బిడ్డ తికమకగా మాట్లాడితే, లేక స్పృహ తప్పితే అది ప్రాణాపాయము. 108కి ఫోను చేసి, వారు వచ్చేలోగా ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేని బిడ్డ నోటిలో నీళ్ళు పోయకండి.

పరుగెత్తుతూ పడిపోతే: కాలు తడబడి కాక, పరుగు మధ్యలో స్పృహ తప్పి పడిన బిడ్డను, లేక పరుగులో ఛాతీ నొప్పి అన్న బిడ్డను గుండె పరీక్ష చేయించనిదే మళ్ళీ ఆడించకండి. కుటుంబములో ఎవరైనా చిన్న వయస్సులో హఠాత్తుగా చనిపోయి ఉంటే డాక్టరుకు చెప్పండి. పిలిచినా పలకక, ఊపిరి సరిగా లేకపోతే 108కి ఫోను చేసి, ఆలస్యము లేకుండా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగముగా నొక్కడము మొదలుపెట్టాలి.

6. ఇంటికి వెళ్ళే దారిలో

బండి ఎక్కగానే మనము అనే మొదటి మాటను బిడ్డ చాలాకాలము గుర్తుంచుకుంటాడు. "ఎన్నో స్థానము?" అని అడగకండి. "నువ్వు ఆడుతుంటే చూడడము నాకు సంతోషముగా ఉంది" అనండి. గెలిచినా అదే మాట, ఓడినా అదే మాట. ఏడుస్తుంటే "మగపిల్లాడివి, ఏడుస్తావా" అనకండి. కాసేపు ఏడవనివ్వండి. తప్పులు ఎత్తి చూపుటకు ఆ సాయంత్రము సమయము కాదు. బిడ్డ తనంతట తాను "వచ్చేసారి ఎలా చేయాలి?" అని అడిగిననాడు మాట్లాడవచ్చును.

7. మన ఎదుట ఉన్న రెండు కుటుంబములు

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవాంజి దీప్తి మేధోపరమైన వైకల్యముతో పుట్టింది. ఊరిలో కొందరు ఆ బిడ్డను హేళన చేశారని, అనాథాశ్రమమునకు ఇచ్చివేయమని కూడా అన్నారని తల్లిదండ్రులు చెప్పారు. ఆ కూలి కుటుంబము బిడ్డను వదులుకోలేదు. స్కూలులో ఆమె పరుగును గుర్తించిన మాస్టారి మాట విని ముందుకు పంపారు. 2024 మే నెలలో జపానులోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను ఆమె 55.07 సెకన్లలో పరుగెత్తి, అప్పటి ప్రపంచ రికార్డుతో బంగారు పతకము గెలిచింది. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యము తెచ్చింది. పతకములు తరువాత వచ్చాయి. ఎవరేమన్నా "ఈమె మా బిడ్డ" అని నిలబడడము ముందే జరిగింది.

పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టులో ఆడారు. అయినా బిడ్డ బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంటే "మా ఆటనే ఆడు" అని పట్టుబట్టలేదు. ఆమె ఎంచుకున్న ఆటకే తోడు నిలిచారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె రజతము, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యము గెలిచింది.

అందరి బిడ్డలూ పతకములు తేరు, తేనవసరము లేదు. ఈ కుటుంబముల నుండి మనము నేర్చుకొనవలసినది పతకము కాదు. బిడ్డ ఎలా ఉంటే అలా అంగీకరించడము, బిడ్డ ఎంచుకున్న దానికి తోడు నిలవడము.

ముగింపు

మొదట చెప్పిన ఆ పాప ఆరు వారములు పరుగు మానింది. మడమ క్రింద మెత్తని అట్ట పెట్టుకుని, పిక్క కండరములు సాగదీసే వ్యాయామములు చేసింది. తరువాతి సంవత్సరము క్రీడలలో మళ్ళీ కనిపించింది. ఆ రోజు ఆమె పరుగుకు ముందు తండ్రి నా బల్ల దగ్గరకు వచ్చి, "సిస్టర్, నిన్న కొంచెము నొప్పిగా ఉంది అని తనే చెప్పింది. ఒకసారి చూస్తారా? వద్దంటే ఈసారి మానేస్తాము" అన్నాడు. చూశాను. చిన్న నొప్పే, పరుగెత్తవచ్చును అన్నాను. ఎన్నో స్థానములో వచ్చిందో నాకు గుర్తు లేదు. "నిన్న తనే చెప్పింది" అన్న ఆ తండ్రి మాట గుర్తున్నది.

ఇంటిలో కలిసి మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. మన బిడ్డకు చివరిసారి నొప్పి కలిగినప్పుడు ముందుగా ఎవరితో చెప్పింది? మనతో చెప్పకపోతే ఎందుకు?

2. పోటీ అయిపోయిన తరువాత మనము సాధారణముగా అనే మొదటి మాట ఏమిటి?

3. మన బిడ్డకు ఇష్టమైన ఆట ఏది? అది బిడ్డ ఇష్టమా, మన ఇష్టమా?

4. బిడ్డ ఆరోగ్యమును గూర్చి పి.ఇ.టి. మాస్టారికి చెప్పవలసినది ఏమైనా మిగిలి ఉన్నదా?

5. (పిల్లలు జవాబు చెప్పాలి, పెద్దలు మధ్యలో మాట్లాడకుండా వినాలి.) నువ్వు ఆడుతున్నప్పుడు అమ్మ, నాన్న ఏమి చేస్తే నీకు బాగుంటుంది? ఏమి చేయకపోతే బాగుంటుంది?